వీఆర్ ట్రైనింగ్‌లో కళ్లు తిరగడం: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో కుర్రాళ్లకు వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు పెట్టుకుంటే నిజంగా క్రేన్‌లో కూర్చున్నట్టే చూపించే పరికరం) పెట్టి క్రేన్ నడపడం నేర్పుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ వినే మాటలే ఇవి.

అపోహ: "శ్రీశైలం ఘాట్‌లో బస్సెక్కినా నాకు వాంతి రాదు సార్, ఇదెంత."
అది వేరు, ఇది వేరు. మనం కదులుతున్నామో లేదో చెప్పే భాగం చెవి లోపల ఉంటుంది. బస్సులో ఫోన్ చూస్తుంటే చెవి కదులుతున్నామంటుంది, కళ్లు లేదంటాయి. హెడ్‌సెట్‌లో ఇది తిరగబడుతుంది, క్యాబిన్ గిర్రున తిరిగినట్టు కనబడుతుంది గానీ మనిషి కుర్చీలోంచి కదలడు. అందుకే ఘాట్ రోడ్డుకు తట్టుకున్నవాళ్లకూ ఇక్కడ కడుపులో తిప్పొచ్చు.

అపోహ: ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది.
అలవాటయ్యే మాట నిజమే, కానీ రోజుకు కాసేపు చొప్పున కొన్ని రోజులు చేస్తే. బలవంతంగా కూర్చోబెడితే మరుసటి రోజు హెడ్‌సెట్ చూస్తేనే వికారం మొదలవుతుంది. ఒకసారి దేవరకొండ వైపు అబ్బాయి ఏసీ రూములో నుదుటి మీద చెమటతో, మాటిమాటికీ ఉమ్మి మింగుతూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, పక్కనున్నవాళ్లు నవ్వుతారని నోరు విప్పలేదు. అప్పటి నుంచి నేను స్క్రీన్ కంటే ముందు మొహాలు చూస్తున్నా. ముఖం పాలిపోయినా, ఆవులింతలు ఎక్కువైనా వెంటనే తీసేయిస్తా.

అపోహ: ఏమీ తినకుండా వస్తే మంచిది.
కాదు. రెండు ఇడ్లీలు తిని రండి, బిర్యానీ మాత్రం వద్దు.

కొందరికి తలనొప్పి లెన్స్‌ల వల్ల కూడా వస్తుంది. కంటిపాపల మధ్య దూరం పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కానీ అందరికీ ఒకటే కాదు, కాబట్టి మనిషి మారినప్పుడల్లా హెడ్‌సెట్ లెన్స్‌ల మధ్య దూరం సరిచేయాలి. మొహానికి టేబుల్ ఫ్యాన్ గాలి తగిలితే చాలామందికి హాయిగా ఉంటుంది.

అపోహ: హెడ్‌సెట్ తీసేస్తే అయిపోయినట్టే.
నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. తీసేశాక నీళ్ల సీసా అందుకోబోయి పక్కన గాలిలో చెయ్యి పెట్టినవాళ్లను చూశాను. తూలడం, కళ్లు బరువెక్కడం కొందరికి గంటల తరబడి ఉంటుంది. అందుకే బండి తాళాలు ముందే నా దగ్గర పెట్టించుకుంటా. కనీసం అరగంట నడిచాక, కళ్లు మూసుకుని నిలబడమంటా. తూలితే హాలియా అయినా మిర్యాలగూడ అయినా ఆ రోజు బస్సులోనే ప్రయాణం, అసలు క్రేన్ ఎక్కేది మర్నాడే. వాంతుల మాత్ర వేసుకొచ్చామన్నా తాళాలు ఇవ్వను, వాటిలో చాలావాటికి నిద్ర ముంచుకొస్తుంది.