ఊరు పెద్దదే, మనుషులే పల్చన

నెల్లూరు, కావలి, ఒంగోలు నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి 'జీటీఏ: వైస్ సిటీ' అనే వీడియో గేమ్ ఆడిన తరానికి అందులో హీరో టామీ వెర్సెట్టి జైలు నుంచి వచ్చినవాడన్న సంగతి కూడా సరిగా తెలియదు. మీటరు తిరుగుతుంటే కథ ఎవరు చూస్తారు? మాటలు మొదలవగానే బటన్ నొక్కి దాటేసి బైకెక్కేవాళ్లు. చేతులు మారిన కాపీల్లో కొన్నిటికి సైజు తగ్గించడానికి పాటలూ మాటలూ తీసేసి ఉండేవి. ఓపెన్ వరల్డ్ గేముల్లో, అంటే ఆడేవాడు ఇష్టమొచ్చినట్టు ఊరంతా తిరగగలిగే ఆటల్లో, పాత్రలు తేలిపోతున్నాయన్న ఫిర్యాదు మన దగ్గర ఆలస్యంగా, ఇంటికి కంప్యూటరూ బ్రాడ్‌బ్యాండూ వచ్చాకే వినబడింది. జబ్బు మాత్రం పాతది.

2001లో వచ్చిన 'జీటీఏ 3' హీరో ఆట మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు. త్రీడీలో నగరమంతా తిరగగలగడమే అప్పట్లో వింత కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది 'వైస్ సిటీ'లో టామీకి నటుడు రే లియోటా గొంతు వచ్చింది. 2004 'జీటీఏ: శాన్ ఆండ్రియాస్'లో హీరో సీజే తల్లి చనిపోయిందని ఊరొస్తాడు. కుటుంబంతో పాటు కొత్త చిక్కూ వచ్చిపడింది. తల్లి కోసం కుమిలిన మనిషే మరు నిమిషం జనం మీదికి కారు పోనిస్తాడు. పోనిచ్చేది ఆడేవాడే, మాట పడేది రచయిత. కథకీ ఆటకీ పొసగని ఈ తీరుకు 2007లో గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్ 'లూడోనరేటివ్ డిసొనెన్స్' అని పేరు పెట్టాడు. ఆయన రాసింది 'బయోషాక్' గురించి, అది ఓపెన్ వరల్డే కాదు.

అసలు చిక్కు వరుస దగ్గరుంది. నవలలో ఏది ముందో ఏది వెనకో రచయిత చేతిలో ఉంటుంది, ఇక్కడ ఆడేవాడి చేతిలో. ఒక మిషన్లో, అంటే ఆట అప్పగించే ఒక పనిలో, హీరో తమ్ముడు పోయాడనుకోండి. తర్వాతది మొదలుపెట్టకుండా వారం రోజులు చేపలు పట్టుకోవచ్చు. ఆ వారంలో ఎదురైనవాళ్లతో హీరో ఎలా మాట్లాడాలి? ఏడుపు గొంతుతో రికార్డు చేస్తే, తమ్ముడు బతికుండగానే అక్కడికి వచ్చిన ఆటగాడికి అది పనికిరాదు. రెండు రకాలుగా చేస్తే ఖర్చు పెరుగుతుంది. దాంతో రెంటికీ సరిపోయే చప్పటి మాట రాస్తారు. నెల్లూరు తిక్కన ఉత్తరుడికి ఆ బెడద లేదు. అంతఃపురంలో కోతలు కోసి బయల్దేరాడు, కౌరవసేన కనబడింది, వణికాడు. మధ్యలో వారం చేపలు పట్టి ఉంటే ఉత్తరకుమారుడి ప్రగల్భాలు ఇవాళ్టి దాకా మన నోళ్లలో నానేవి కావు.

2012 'ఫార్ క్రై 3'లో హీరో పేరు మరిచిపోయినవాళ్లకి కూడా విలన్ వాస్ గుర్తుంటాడు. అతను కనిపించేది కొద్ది సీన్లలోనే, అవన్నీ రచయిత బిగించిన వరుసలోనే.

ప్రపంచం పెరిగేకొద్దీ పరిస్థితి ముదిరింది. 2011 'స్కైరిమ్'లో డెబ్భై మంది దాకా నటులు 60,000కు పైగా డైలాగులు చెప్పారు. అయినా జనానికి గుర్తున్నది మోకాల్లో బాణం దిగిందని కాపలావాళ్లు వల్లించే ఒక్క ముక్కే. చోటూ పనీ కంప్యూటరే ఏరి ఇచ్చే మిషన్లూ అందులో ఉన్నాయి. 2015 'ఫాలౌట్ 4'లో ఆ పద్ధతికి బలైంది ప్రెస్టన్ గార్వీ అనే పాత్ర. తన దళమంతా నాశనమైపోగా మిగిలిన కొద్దిమందిని కాపాడుకుంటూ వచ్చినవాడు. మంచి గతమే ఇచ్చారు పాపం. కానీ కలిసినప్పుడల్లా ఫలానా చోటికి సాయం కావాలని పురమాయిస్తుంటే నవ్వులపాలయ్యాడు.

అదే ఏడాది 'విచర్ 3' వేరే దారి పట్టింది. హీరో గెరాల్ట్ వృత్తే డబ్బు పుచ్చుకుని రాక్షసుల్ని వేటాడటం, అందుకని చిల్లర పనులు కూడా అతని స్వభావంలో కలిసిపోయాయి. 2018 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'లో క్షయ సోకిన ఆర్థర్ మోర్గాన్ మొహం పీక్కుపోతుంది, దగ్గు ఎక్కడికెళ్లినా వెంటాడుతుంది. అందుకు మూల్యం చెల్లించింది ఆటగాడే. మిషన్ నడుస్తుండగా చెప్పిన దారి వదిలితే చాలు, ఫెయిల్ అయ్యావంటుంది. ఊరంతా తిరగనిచ్చి కథ దగ్గరికి రాగానే చెయ్యి పట్టి నడిపించడమేంటని విసుక్కున్నవాళ్లున్నారు. నాకైతే ఆ బేరం గిట్టుబాటే అనిపించింది.