తల నిలవని కొండచిలువ

చచ్చిన ఎలుకను పటకారుతో పట్టుకుని పాము ముందు ఆడిస్తారు. మామూలు బాల్ పైథాన్ అయితే ఒక్క విసురుతో పట్టేసి చుట్టేస్తుంది. 'స్పైడర్' రకం కూడా అంతే విసురుగా దూకుతుంది, కానీ ఎలుకకు బెత్తెడు పక్కన గాలిని కరిచి వస్తుంది. మళ్లీ గురి చూస్తుంది. ఈలోగా తల మెల్లగా ఒరిగి, ఒక్కోసారి గడ్డం పైకి వచ్చేదాకా తిరిగిపోతుంది. పెంచేవాళ్లు దీన్ని 'వాబుల్' అంటారు. దాని ఒళ్లు చూస్తే మాత్రం బంగారు రంగు మీద సాలెగూడు గీసినట్టు సన్నటి నల్ల గీతలు. ఆ గీతలకే డబ్బు.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. బెదిరితే బంతిలా చుట్టుకుని తలను లోపల దాచుకుంటుంది. సాధారణంగా నాలుగైదు అడుగులకు మించదు, మన కొండచిలువ ముందు పిల్లకాయ. 1992లో అమెరికాలో అల్బినోను, అంటే ఒంట్లో నల్ల రంగు లేని పామును, పంజరంలో పుట్టించాక రంగుల మోజు మొదలైంది. 1999లో స్పైడర్ వచ్చింది. ఇప్పుడు రంగులూ, వాటి కలయికలూ కలిపి 'మార్ఫ్'లు వేలల్లో ఉన్నాయి.

అల్బినో రంగు బయటపడాలంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. చేతిలో ఉన్నది ఒకే ఒక్క అల్బినో మగపాము అనుకోండి. మామూలు ఆడపాముతో కలిపితే పిల్లలన్నీ మామూలు రంగే, లోపల మాత్రం ఒక కాపీ దాగి ఉంటుంది. వీటిని 'హెట్' అంటారు. ఆ కూతుళ్లను పెంచి తిరిగి తండ్రితోనే కలిపితే సగటున సగం పిల్లలు అల్బినోలు. దగ్గరి దారి ఇదే.

మేనరికాలు ఎరిగిన మనకు ఈ లెక్క కొత్త కాదు. మేనత్త కొడుకును చేసుకుంటే, పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1. మేనమామ అయితే 8లో 1. తండ్రీకూతుళ్లయితే 4లో 1. రంగు జన్యువు జంట కట్టాలని ఈ సంబంధం కలిపితే, దాని చాటున నక్కిన చెడ్డ జన్యువులూ జంట కడతాయి. పొదగని గుడ్లు, నీరసపు పిల్లలు, వంకర వెన్ను. అయితే పొదిగే పెట్టెలో వేడి ఎక్కువైనా వెన్ను వంకరపోతుంది. పెట్టేది ఆరేడు గుడ్లు. అందులో ఒకటి చెడితే ఎవరు పట్టించుకుంటారు? తప్పు పెట్టె మీదికి పోతుంది.

స్పైడర్ సంగతి వేరు, చాలామంది తికమకపడేది ఇక్కడే. దానికి ఒక్క కాపీ చాలు, రక్తసంబంధంలో కలపాల్సిన పనే లేదు. రెండు దశాబ్దాలకు పైగా సంబంధం లేని పాములతో కలుపుతూనే ఉన్నారు, వాబుల్ పోలేదు. 2022లో జర్మనీ పరిశోధకులు ఈ పాముల తలలను సీటీ స్కాన్ చేసి చూస్తే, ఒంటిని నిలకడగా ఉంచే లోపలి చెవి అర్ధవలయ నాళాలు, వాటి పక్కనున్న సంచి వికారంగా ఏర్పడి ఉన్నాయి. పిండంలో రంగు కణాలు పుట్టే మూల కణజాలం లోపలి చెవి తయారీలోనూ చెయ్యి వేస్తుంది. నీలికళ్ల తెల్లపిల్లులు తరచూ చెవిటివని డార్విన్ ఏనాడో రాశాడు. అంటే వాబుల్ గీతలకు అంటుకున్న మచ్చ కాదు, గీతలతో పాటే వచ్చేది. కొత్త రక్తం ఎక్కించి దాన్ని కడిగేయలేం.

'తింటోంది, గుడ్లు పెడుతోంది, ఇంకేం కావాలి?' అని అమ్మేవాళ్ల వాదన. నాకిది మింగుడుపడదు. కుక్క అయితే మూలిగేది, పాముకు ఆ గొంతూ లేదు. బ్రిటన్‌లో పాములూ బల్లులూ పెంచేవాళ్ల సంఘం ఇంటర్నేషనల్ హెర్పటలాజికల్ సొసైటీ తన ప్రదర్శనల్లో స్పైడర్ల అమ్మకాన్ని ఆపేసింది.

అల్బినోల విషయంలో మాత్రం దారి దొరికింది. పెంపకందార్లు పంపిన కుబుసాల నుంచి డీఎన్‌ఏ తీసి, అమెరికాలోని ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు నల్ల రంగు తయారీకి కావలసిన టైరోసినేజ్ జన్యువులో లోపాన్ని పట్టుకున్నారు. ఇక కుబుసం ముక్కతో హెట్‌లను గుర్తుపట్టి, చుట్టరికం లేని రెండింటిని కలపొచ్చు. కూతురు పెద్దదయ్యేదాకా తండ్రిని అట్టిపెట్టుకునే అవసరం తగ్గింది.