అడవికి రేటు ఎప్పుడు కట్టారు, ఎందుకు కట్టారు

2017 డిసెంబర్‌లో పాలమూరు పిల్లలమర్రి పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చెదలు లోపల్లోపలే తినేశాయి. తర్వాతి ఏడాది ఆ చెట్టుకి సెలైన్ ఎక్కించారు, మాటవరసకు కాదు, నిజంగానే ఆసుపత్రిలో వేలాడేలాంటి సీసాలు, సన్నటి పైపులు, చెట్టుకు వేసిన రంధ్రాల్లోకి చుక్కచుక్కగా క్లోరోపైరిఫాస్ అనే చెదల మందు. మూడెకరాల్లో పరుచుకున్న మర్రి, ఏడొందల ఏళ్ళదని చెప్పుకుంటాం. ఆ ఫొటోలు చూసి మా బంధువు ఒకాయన "దీనికింత ఖర్చా, ఆ చెట్టు ఏం సంపాదిస్తుంది?" అన్నాడు. మోటుగా ఉంది గానీ, సరిగ్గా ఈ ప్రశ్న మీదే పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా లెక్కలు వేస్తున్నారు.

మన దేశంలో ఆ లెక్క వేసిన తొలివాళ్ళలో కలకత్తా యూనివర్సిటీ ప్రొఫెసర్ టి.ఎం. దాస్ ఒకరు. 1979లో ఆయన యాభై ఏళ్ళు బతికిన ఒక చెట్టు ఇచ్చే గాలి, నేల కోతను ఆపడం, నీటిని తిప్పి పంపడం లాంటివన్నీ కూడి 15.7 లక్షల రూపాయలని తేల్చాడు, కలప, పండ్లు కలపకుండానే. 1997లో ఆర్థికవేత్త రాబర్ట్ కొస్టాంజా బృందం ఏకంగా భూమి మొత్తానికే కట్టింది. ప్రకృతి ఏటా మనకు ఊరికే చేసిపెట్టే పని విలువ సగటున 33 లక్షల కోట్ల డాలర్లట, అప్పట్లో ప్రపంచ దేశాలన్నిటి ఉత్పత్తి కలిపినా 18 లక్షల కోట్లే. అనంతాన్ని తక్కువ చేసి చూపారని ఇంకో ఆర్థికవేత్త ఎగతాళి చేశాడు. నాకైతే ఆ ఎగతాళే నచ్చింది. మొత్తం పోయాక కొనడానికి ఎవడుంటాడు, అమ్మడానికి ఎవడుంటాడు? ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి పిలుపుతో జరిగి 2005లో ముగిసిన పెద్ద అధ్యయనం, 2008 నుంచి పవన్ సుఖ్‌దేవ్ నాయకత్వంలో వచ్చిన నివేదికలు ఇదే దారిలో నడిచాయి.

అయితే మన దగ్గర ఈ రేటు పుస్తకాల్లోంచి రాలేదు, కోర్టులోంచి వచ్చింది. నీలగిరిలో కలప నరకడం మీద 1995లో గోదావర్మన్ అనే ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళాడు, ఆ ఒక్క కేసు దేశంలోని అడవులన్నిటి కేసుగా మారి ఏళ్ళకేళ్ళు నడిచింది. గనికో డ్యాముకో అడవి భూమి తీసుకునేవాళ్ళు చెట్లు నాటిస్తే సరిపోదు, అడవి ముందుముందు ఇవ్వబోయే లాభానికి ఇవాళ్టి విలువ కట్టి చెల్లించాలని కోర్టు అంది. ఎంత కట్టాలో చెప్పమని ఆర్థికవేత్త కంచన్ చోప్రా కమిటీ వేశారు. చివరికి 2008లో హెక్టారుకి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా ఖాయమైంది. అభయారణ్యమైతే ఐదింతలు, నేషనల్ పార్కైతే పదింతలు. అంటే అడవికి మనం రేటు కట్టింది పోగొట్టుకునేటప్పుడు. నిలబడి ఉన్నంత కాలం దానికి లెక్క లేదు. కట్టిన డబ్బు కోసం 2016లో చట్టం కూడా వచ్చింది, 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి. అడవినే నమ్ముకుని, కొండ అంచున తాడుకి వేలాడి తేనె తీసే చెంచుల పెంటకు, అంటే వాళ్ళ గూడేనికి, నేరుగా ఇంత వాటా అని అందులో లేదు.

మన ఊళ్ళలో దీనికి తలకిందుల పద్ధతి ఉండేది. చెరువు తూము ఎత్తి దించేవాడు, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసేవాడు, వాన దంచుతున్న రాత్రి కట్ట మీద తిరిగేవాడు నీరటికాడు, ఆయనకి కల్లంలోనే రైతులు ఇంత ధాన్యం కొలిచేవాళ్ళు. చెరువు బాగున్నందుకు కూలి అన్నమాట. అందులోనూ కులం లెక్కలు, చాకిరీ ఉన్నాయి, దాన్ని బంగారు కాలమని నేననను. కానీ చెరువు ఉండగానే జీతం ముట్టేది.

చెరువులు ఎండిపోయి, బోర్లు లోతుకి లోతుకి పోయాక నల్లగొండలో ఏమైందో మునుగోడు, మర్రిగూడ వైపు నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో వంగిన నడుములు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడి గ్రానైట్ రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది కాబట్టి తప్పంతా బోర్లదే అనలేం. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతికి 1970ల్లో నాగపూర్ శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు, అది టాంజానియా దాకా పోయింది, మన పేరు ఎక్కడికెక్కడికి పోయిందో చూడండి. ఆఖరికి 2015లో చౌటుప్పల్లో మిషన్ భగీరథ పైలాన్ వేసి, కృష్ణా నీళ్ళని శుద్ధి చేసి పైపుల్లో తెచ్చారు. భూమి ఊరికే ఇవ్వాల్సిన మంచినీళ్ళకి బదులు పెట్టుకోవడానికి ఎంతైందో ఆ పైపుల బిల్లే చెబుతుంది. ఆర్థికవేత్తలు విలువ కట్టే పద్ధతుల్లో ఇదీ ఒకటి. న్యూయార్క్ వాళ్ళు 1990ల్లో తెలివిగా ఆలోచించి ఫిల్టర్ ప్లాంటు బదులు కొండల్లోని నీటి వనరులనే కాపాడుకున్నారు.

ఇక యురేనియం. 2003లో నల్లగొండ జిల్లా పెద్దగట్టు, లంబాపూర్ గని మీద ప్రజాభిప్రాయ సేకరణలో జనం అడ్డుపడ్డారు. 2019 మేలో అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఓకే అంది. నల్లమలలో గొడవ మొదలై, సెప్టెంబర్‌లో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. జనం మాట్లాడింది కృష్ణా నీళ్ళ గురించి, చెంచుల గురించి. హెక్టారు రేటు సరిపోతుందా లేదా అన్న చర్చ నాకు ఎక్కడా వినబడలేదు.

సుప్రీంకోర్టు వేసిన ఒక కమిటీ చెట్టుకి ఏడాదికి 74,500 రూపాయలని తేల్చింది, అందులో ఆక్సిజన్‌కే 45,000. పిల్లలమర్రికి సరదాగా గుణించి చూశాను, ఏడొందల ఏళ్ళకి 5 కోట్ల 21 లక్షలు దాటింది. బంధువుకి చెబితే, "ఎవడిస్తాడు?" అన్నాడు. అడవి రేటు కూడా 2022లో పెరిగింది, హెక్టారుకి 9.57 లక్షల నుంచి 15.95 లక్షలు అయింది. అంటే మంచి అడవి ఎకరం ఆరున్నర లక్షల లోపే. ఆ డబ్బుకి షాద్‌నగర్ రోడ్డు మీద ఎన్ని గజాలు వస్తాయో కనుక్కోండి.