బోసా నోవా వెనుక వయొలిన్లు: అపోహలు - వాస్తవాలు

రికార్డింగులకు వయొలిన్ల నొటేషన్ రాసివ్వడం నా పని. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారికి ముందుగా వినిపించేది బోసా నోవా (బ్రెజిల్ సాంబా నృత్యసంగీతం, జాజ్ కలిసి పుట్టిన శైలి) స్వరకర్త ఆంటోనియో కార్లోస్ జోబిమ్ ‘వేవ్’ ఆల్బమ్ (1967). అరేంజర్, అంటే ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసినవాడు, క్లాస్ ఓగర్‌మన్. విన్నాక వాళ్లనే మాటలు ఇంచుమించు ఇవే.

అపోహ: బ్రెజిల్ గిటారు పాటకు అమెరికావాళ్లు వయొలిన్లు తగిలించారు.

వాస్తవం: కాదు. 1958లోనే రియో డి జనీరోలో గాయని ఎలిజెత్ కార్దోజో ఆల్బమ్‌కు జోబిమ్ వయొలిన్లతో సహా వాద్యబృందాన్ని సమకూర్చాడు. అందులో రెండు పాటలకు గిటారు వాయించింది బోసా గిటారు శైలికి ఆద్యుడైన జోవావ్ జిల్బెర్టో.

అపోహ: వాద్యాలు పెరిగేకొద్దీ పాట నిండుగా ఉంటుంది.

వాస్తవం: దాదాపు అందరూ బోల్తా పడేది ఇక్కడే. బోసా గిటారులో బొటనవేలు సాంబా పెద్ద డోలు ‘సుర్దో’ నడకను పట్టుకుంటే, మిగతా వేళ్లు ‘తంబోరిమ్’ అనే చిన్న డప్పు విరుపులు పలికిస్తాయి. ఒక్క చేతిలో రెండు తాళవాద్యాలన్నమాట! పైగా ఈ నడక చతురశ్రం (దెబ్బను సమానంగా విడగొట్టేది). స్వింగ్ జాజ్‌లా తిశ్రం (మూడు భాగాల నడక) వైపు ఒరగదు. వయొలిన్లూ ఆ విరుపుల్లోకి దిగితే గిటారు మునిగిపోతుంది. అందుకే ఓగర్‌మన్ వాటికి ఎక్కువగా దీర్ఘస్వరాలే ఇచ్చాడు. పాట ఊపిరి తీసుకునే చోట చిన్న పలుకు, మళ్లీ మౌనం.

నా మొదటి బోసా పాటలో ఒక్క ఖాళీ కూడా మిగల్చలేదు. గిటారిస్టు హెడ్‌ఫోన్ తీసి, “నేను వాయించాలా, ఇంటికి వెళ్లాలా సార్?” అన్నాడు. అక్కడికక్కడే నొటేషన్‌లో పదహారు బార్లు (తాళపు గళ్లు) కొట్టేశాను.

అపోహ: తక్కువ శబ్దంతో వాయించడం తేలిక.

వాస్తవం: కమాను బరువు తీగ మీద పడకూడదు. దాన్ని ఫింగర్ బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పలక) వైపు జరిపి, పదిమంది ఒకే స్వరాన్ని దాదాపు గమకం లేకుండా నిలపాలి. గట్టిగా వాయిస్తే ఒకరి తప్పు పదిమందిలో కలిసిపోతుంది. ఇక్కడ దాక్కోవడానికి చోటే ఉండదు.

అపోహ: జాజ్ కాబట్టి అంతా మనోధర్మమే (అప్పటికప్పుడు అల్లి వాయించేదే).

వాస్తవం: వయొలిన్లకు ప్రతి స్వరం రాసిపెట్టినదే. స్వేచ్ఛ ఉన్న జోబిమ్ కూడా పియానో మీద ఒక్కో స్వరమే ఏరి వాయిస్తాడు. ఆల్బమ్ మొత్తంలో ఆయన నోరు విప్పి పాడింది ఒక్క పాటలోనే.