మనిషితో కంప్యూటర్ చెస్: చీటీ చూస్తే మోసమేనా?

విజయనగరంలో పిల్లలకు చెస్ నేర్పుతాను. 1997లో న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ఓడిన ఆరో ఆటను బోర్డు మీద ఆడి చూపించినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, కంప్యూటర్‌కి పుస్తకం ఉందిగా, ఆయనకెందుకు ఇవ్వలేదు?" చాలా మంచి ప్రశ్న. పెద్దవాళ్లలోనే దీనిపై అపోహలు ఎక్కువ.

అపోహ: కంప్యూటర్ ప్రతి ఎత్తునూ అప్పటికప్పుడు లెక్కగట్టి వేస్తుంది.

వాస్తవం: డీప్ బ్లూ సెకనుకు బోర్డు మీది సుమారు 20 కోట్ల స్థితులు చూడగలిగేది. కానీ ఆ ఆరో ఆటలో గుర్రాన్ని బలిచ్చిన ఎనిమిదో ఎత్తు దాని ఓపెనింగ్ బుక్‌లోది, అంటే ఆట ఆరంభానికి ముందే ఎక్కించి పెట్టిన ఎత్తుల జాబితాలోది. కాస్పరోవ్ 19 ఎత్తుల్లోనే ఓటమి ఒప్పుకున్నాడు.

అపోహ: బుక్ అంటే కంప్యూటర్ జ్ఞాపకశక్తి. మనిషికీ జ్ఞాపకశక్తి ఉంది కాబట్టి సరికి సరి.

వాస్తవం: ఆట మధ్యలో నోట్స్ చూడకూడదని ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమం. ఎత్తును వేయకముందే స్కోర్‌షీట్ (ఎత్తులు నమోదు చేసే కాగితం) మీద రాసుకున్నా తప్పే. ఇద్దరు మనుషులు ఆడుతున్నప్పుడు ఇది న్యాయం, ఎందుకంటే ఇద్దరికీ మరుపు ఉంది. కంప్యూటర్‌కు అది లేదు, దాని బుక్ తెరిచి పెట్టుకున్న నోట్స్ లాంటిదే. మా ఊరి ఆదిభట్ల నారాయణదాసు గారు అష్టావధానాలు చేశారు. అవధాని చేతిలో కాగితం, కలం ఉండవు. ధారణలోనే ఆయన గొప్పతనం తెలుస్తుంది. పక్కన ఇంకొకరు కాగితం చూసి అవే పద్యాలు అప్పజెబితే ఆ ఇద్దరికీ పోటీ అంటామా? బుక్ తీసేయాలి, లేదా ఆటగాడికీ చీటీ ఇవ్వాలి. నేను దీన్ని గట్టిగా నమ్ముతాను.

అపోహ: మనిషికి అలాంటి వెసులుబాటు ఎప్పుడూ ఇవ్వలేదు.

వాస్తవం: 2006లో జర్మనీలోని బాన్‌లో ఇచ్చారు. డీప్ ఫ్రిట్జ్ అనే చెస్ ప్రోగ్రామ్ తన బుక్ నుంచి ఆడుతున్నంతసేపు, ఆ బుక్ కనిపించే తెరను దానితో ఆడిన ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ చూడొచ్చు. చక్కటి నియమం, అన్ని మ్యాచ్‌లకూ ఉండాల్సింది.

అపోహ: చీటీ ఇస్తే మనిషే గెలుస్తాడు.

వాస్తవం: అదే మ్యాచ్ రెండో ఆటలో క్రామ్నిక్ ఒక్క ఎత్తులో తనకు పడే మేట్‌ను (రాజు చిక్కి ఆట ముగియడాన్ని) చూడలేదు. అలసటకు, టెన్షన్‌కు ఏ పుస్తకమూ అడ్డుపడదు. మ్యాచ్ 4-2తో ఫ్రిట్జ్‌ది.

ఇద్దరికీ ఒకే సాయం ఇస్తే ఏమవుతుందో 1998లో స్పెయిన్‌లోని లియోన్‌లో కనిపించింది. కాస్పరోవ్, మరో మేటి ఆటగాడు టోపలోవ్ చెరో కంప్యూటర్ పక్కన పెట్టుకుని ఆడారు. అంతకు కొన్ని వారాల ముందే కంప్యూటర్ సాయం లేని మామూలు ర్యాపిడ్‌లో (తక్కువ సమయంలో ముగిసే ఆటల్లో) టోపలోవ్‌పై కాస్పరోవ్ 4-0తో గెలిచాడు. ఇక్కడ 3-3తో సమం.