ఆపరేషన్‌కి ముందే చెప్పాల్సిన మాట: అవ్వకి మతిమరుపు ఉంది

ఆపరేషన్‌కి ముందు షుగరుందా, బీపీ ఉందా అని అడిగితే టకటకా చెప్పేస్తాం. మతిమరుపు సంగతి మాత్రం చాలాసార్లు వాళ్లూ అడగరు, మనమూ చెప్పం. వయసుతో వచ్చే చాదస్తమేలే అనుకుంటాం, లేదంటే చెబితే ఆపరేషన్ చెయ్యరేమోనని భయం. ఎమ్మిగనూరు, ఆలూరు వైపు నుంచి తొంటి ఎముక విరిగిన అవ్వల్ని కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చే ఇంటివాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే. దాచొద్దు.

మతిమరుపు ఉన్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత డెలిరియం, అంటే ఉన్నట్టుండి మతి తప్పి అయోమయంలో పడటం, వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే మొదలవుతుంది. పొద్దున బాగానే మాట్లాడిన మనిషి రాత్రికి సెలైన్ సూది పీకేస్తుంది, ఎప్పుడో పోయిన భర్తని పిలుస్తుంది, కాసేపటికి మళ్లీ మామూలుగా ఉంటుంది. మనవాళ్లు గాలి సోకిందంటారు. ఇంకో రకం ఉంది, అరుపులుండవు, మగతగా పడుంటారు, ముద్ద మింగరు. పాపం నిద్రపోతోంది అనుకుని వదిలేస్తాం కాబట్టి నాకు ఈ రకమంటేనే ఎక్కువ భయం.

చాలామంది నెపం మత్తు మీదికి నెట్టి, పూర్తి మత్తు వద్దు, నడుముకి సూది చాలని పట్టుబడతారు. కానీ 2021లో అమెరికా, కెనడాల్లో తొంటి ఎముక విరిగిన 1600 మందితో చేసిన పరిశోధనలో రెండు పద్ధతుల్లోనూ డెలిరియం దాదాపు ఒకేలా, ఇరవై శాతం దగ్గర వచ్చింది. అసలు కారణాలు వేరేచోట ఉంటాయి. గాయం వల్ల ఒళ్లంతా పుట్టే వాపు ప్రభావం మెదడు దాకా పోతుంది. జ్ఞాపకానికి, ధ్యాసకి కావాల్సిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మతిమరుపు ఉన్నవాళ్లలో ముందే తక్కువ, దాని పనిని అడ్డుకునే అవిల్ లాంటి పాత ఎలర్జీ మందులు పడితే ఇంకా దెబ్బ. నిద్రమాత్రలూ అంతే, అయితే రోజూ వేసుకునే నిద్రమాత్రని మనంతట మనం ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే, డాక్టర్‌కి చెప్పి ఆయన చెప్పినట్టు చెయ్యాలి.

1999లో అమెరికాలో షారన్ ఇనోయి అనే డాక్టర్ బృందం 70 దాటిన 852 మంది మీద ఒక పద్ధతి పరీక్షించింది. వాళ్లు ఆపరేషన్ వాళ్లు కాదు, మామూలు వార్డు రోగులు. కళ్లద్దాలు, వినికిడి మిషన్ అందుబాటులో పెట్టడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, ఎక్కడున్నారో గుర్తుచెయ్యడం, అంతే. మామూలు వైద్యమే అందినవాళ్లలో డెలిరియం 15 శాతం మందికి వస్తే, ఇలా చూసుకున్నవాళ్లలో 9.9 శాతానికే వచ్చింది. వీటిలో చాలా మటుకు మంచం పక్కనుండే మనిషే చెయ్యగలిగినవి. "అవ్వా, ఇది కర్నూలు ఆసుపత్రి, నీ తొంటికి ఆపరేషన్ అయింది, నేను నీ మనవణ్ణి" అని పూటపూటకీ చెప్పండి. తాగొచ్చు అన్నాక మజ్జిగ, నీళ్లు కొంచెం కొంచెంగా పట్టండి. పదిమంది చుట్టూ మూగకుండా తెలిసిన ముఖం ఒకటి ఉంటే చాలు.

నొప్పి విషయం మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. మతిమరుపు ఉన్నవాళ్లు చాలామంది నొప్పి అని నోటితో చెప్పలేరు, మొహం చిట్లిస్తారు, కాలు కదపనివ్వరు. అడగలేదు కదా అని నొప్పి మందు ఆపేస్తే ఆ బాధే డెలిరియం తెస్తుంది. మూత్రం గొట్టం అవసరం తీరగానే తీసేయమని అడగండి, విరేచనం ఎన్నాళ్లయిందో చూడండి. గొడవ చేస్తున్నారని చేతులు కట్టేస్తే ఇంకా ఎక్కువవుతుంది.

తేడా కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. డ్యూటీలో ఉన్న నర్సుకి "నిన్న ఇలా లేదు, ఇవాళే మారింది" అని స్పష్టంగా చెప్పండి, ఇన్ఫెక్షనా, సోడియం తగ్గిందా, మూత్రం బిగుసుకుందా అని డాక్టర్ వెతకడం మొదలుపెట్టేది ఆ మాటతోనే.