పిల్లలే కదా, మర్చిపోతారు అంటారు

కాల్పులు, యుద్ధం, ఊచకోతల నుంచి బతికి బయటపడ్డ పిల్లలతో పనిచేస్తాను నేను. పెద్దవాళ్ల నోట పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: చిన్నపిల్లలకు ఏం తెలుస్తుంది, మర్చిపోతారు.

మర్చిపోరు. మాటల్లో చెప్పలేరు, అంతే. ఒక ఆరేళ్ల పాప వచ్చిన ప్రతిసారీ బొమ్మలన్నిటినీ వరసగా పడుకోబెట్టి గుడ్డ కప్పేది, తీసేది, మళ్లీ కప్పేది. ముఖంలో నవ్వు ఉండేది కాదు, ఆట ముందుకు సాగేది కాదు. ఆపొద్దు, తిట్టొద్దు అని వాళ్లమ్మకు చెప్పాను. చాలా రోజుల తర్వాత "వీళ్లకి సాయం చేయడానికి ఎవరొస్తారు?" అని అడిగితే, కాసేపు ఆలోచించి బొమ్మ అంబులెన్స్ తెచ్చి పక్కన పెట్టింది.

అపోహ: జరిగిందంతా వెంటనే చెప్పించేస్తే గుండె బరువు దిగిపోతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఘటన జరిగిన కొద్దిరోజులకే కూర్చోబెట్టి అంతా చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతిని ఒకప్పుడు బాగా వాడేవారు, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే వద్దంటోంది. 2011లో ఆ సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స గైడు చెప్పేది మూడు మాటలు: చూడండి, వినండి, (సాయం చేసేవాళ్లతో, అయినవాళ్లతో) కలపండి. ముందు కావలసింది భద్రమైన చోటు, తిండి, నిద్ర, అమ్మానాన్నల ఆచూకీ. పిల్లాడు చెబితే వింటాం, చెప్పకపోతే ఊరికే పక్కన ఉంటాం. టీవీ వాళ్లు, చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే వాడు ఆ రోజును మళ్లీ మళ్లీ అనుభవించాల్సి వస్తుంది, దయచేసి వాళ్లను గుమ్మం దగ్గరే ఆపండి.

అపోహ: నిద్ర పట్టకపోతే మాత్ర వేస్తే సరి.

ఘటన జరిగాక మొదటి నెలలో పిల్లలకు బెంజోడయాజిపైన్ మందులు, అంటే మత్తుతో నిద్ర పట్టించే మాత్రలు, ఇవ్వొద్దన్నది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే. పీడకలలు, పక్క తడపడం, అమ్మను వదలకపోవడం తొలి వారాల్లో సహజం. నెల దాటినా తగ్గకపోతే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలని ఉంది అంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

అపోహ: థెరపీ అంటే మానుతున్న పుండును కెలకడం.

నెరేటివ్ ఎక్స్‌పోజర్ అనే, బతుకు కథను మొదటి నుంచి చెప్పుకునే పద్ధతిలో నేల మీద ఒక తాడు పరుస్తాం. అది పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా వాళ్ల బతుకు. మంచి రోజులకు పూలు, భయంకరమైన రోజులకు రాళ్లు. ఆ ఘటన పెద్ద రాయే, కానీ తాడంతా అదే కాదని పిల్లలు కళ్లతో చూస్తారు.

అపోహ: సాయం కావాలంటే వాళ్లే అడుగుతారు.

టీనేజ్ పిల్లలు అడగరు. "నా ఫ్రెండ్ చనిపోయాడు, నేను బతికే ఉన్నాను, నాకేం బాధ" అని నోరు మూసుకుంటారు. 2011లో నార్వేలోని ఉటోయా దీవిలో ఒక దుండగుడు 69 మందిని చంపేశాక, బతికిన యువత వచ్చి అడిగేదాకా ఆ దేశం ఆగలేదు, వాళ్లుండే ప్రతి మునిసిపాలిటీలో ఒక మనిషిని పెట్టి కనీసం ఏడాది పాటు తామే పలకరించేలా ఏర్పాటు చేసింది. మొదట వద్దన్నవాళ్లు మార్కులు పడిపోయాకో, ఆ తేదీ మళ్లీ దగ్గరపడుతున్నప్పుడో సరే అంటారు. అందుకే ఆ తేదీలన్నీ నా డైరీలో రాసుకుని, వారం ముందే ఫోన్ చేస్తాను.